నీళ్ళు తాకేదాకా

నేను వెళ్ళేసరికి మా చెల్లెలు వంటగది గుమ్మంలో కూర్చుని ఎడమ చెవికి తువ్వాలు అదిమి పెట్టుకుని ఉంది. తువ్వాలు సగం ఎర్రబడింది. పొయ్యి పక్కన పగిలిన కప్పు ముక్కలు, గోడ మీద పాలు కారిన చారలు. ఇంటికి ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో మా బావ చెక్క కోస్తున్నాడు. ఏమీ జరగనట్టే రంపం చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది.

"ఏం జరిగిందమ్మా?" అన్నాను.

"కుడి పక్కకొచ్చి మాట్లాడు అన్నయ్యా. ఇది పనిచెయ్యట్లేదు," అంది.

కొలత గీసుకుంటున్నప్పుడు టీ తాగుతారా అని పిలిచిందట. గీత వంకర పోయిందట. అంతే.

మా బావని అందరూ సమ్మెట అంటారు. తలుపులూ కిటికీలూ చేసే కార్ఖానాలో రంపం మిషను మీద పని. చేతులు అలాంటివి, కోపం అలాంటిది. ముఖం మీద ఎవరూ ఆ పేరుతో పిలవరు. నేను దర్జీని, నా షాపు రెండు వీధుల అవతల. చెల్లెలు మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. వాళ్ళుండే ఇల్లు మా నాన్న దాని పేరు మీద పెట్టిపోయిన ఇల్లు. నా దగ్గరికి వచ్చెయ్యమంటే ప్రతిసారీ ఒకటే జవాబు: "నా ఇల్లు నేనెందుకు వదలాలి? అయినా మీ ఇంట్లో కుట్టుమిషన్ల కింద తప్ప చోటెక్కడుంది?"

ఆ రోజు మాత్రం దాన్ని తీసుకుపోదామనే వెళ్ళాను. సంచీ సర్దమన్నాను కూడా. అప్పుడు బావ తల్లి లేచింది. ఆవిడ ఆ ఇంట్లోనే ఉండేది, పొద్దస్తమానం జపం చేసుకునే పెద్దమనిషి. నేరుగా షెడ్డులోకి వెళ్ళి కొడుకు చొక్కా పట్టుకుని వంటింట్లోకి ఈడ్చుకొచ్చింది. కోడలి తువ్వాలు లాగి అతని ముఖం ముందు పెట్టింది.

"చూడు! ఒట్టెయ్యరా. జన్మలో దీని మీద చెయ్యెత్తనని నా చేతిలో ఒట్టెయ్యి."

అతను కనురెప్పల మీది పొట్టు తుడుచుకున్నాడు.

"జన్మంతా అంటే నా వల్ల కాదమ్మా. కోపమొస్తే నా చెయ్యి నా మాట వినదు. అబద్ధపు ఒట్టు నేను పెట్టను."

"నోర్ముయ్యి దరిద్రుడా! ఒట్టెయ్యి!"

"ఉండు, చెప్పనీ. ఇదుగో, పడవ మొదలుపెట్టాను కదా. అది నీళ్ళు తాకేదాకా దీని ఒంటిమీద చెయ్యి వెయ్యను. అంతవరకు చెప్పగలను." తల్లి అరచేతిలో తన అరచెయ్యి వేశాడు. "నీ మీద ఒట్టు."

నేను షెడ్డులోకి తొంగిచూశాను. పొడుగాటి దూలం మీద వరసగా నిలబెట్టిన ప్లైవుడ్ అచ్చులు తప్ప అక్కడ పడవన్నదే లేదు. ఆ అచ్చుల మీద వేలెడు వెడల్పు చెక్క బద్దలు ఒకదాని పక్కన ఒకటి అంటించుకుంటూ పోవాలి, పైన గాజు పోగులతో నేసిన గుడ్డ పరిచి, ఆరితే రాయిలా గట్టిపడే రెజిన్ జిగురు పొయ్యాలి, ఏడాది పట్టే పని అని అతనే అన్నాడు. ఏడాది కొట్టకపోతే చెయ్యి ఆ అలవాటే మరిచిపోతుందని పెద్దావిడ అంది. నాకూ అలాగే తోచింది. మా ఇద్దరికీ దేవుడంటే ఎంత గురో మాటంటే అంత గురి. ఒక మనిషి చేతిని ఒక పడవకి కట్టెయ్యొచ్చని మేమిద్దరం నమ్మేశాం.

చెల్లెలు మాత్రం మళ్ళీ తువ్వాలు చెవికి పెట్టుకుంటూ, "బాగుంది. మిక్సీకి ఇచ్చినట్టు నాకూ వారంటీ ఇప్పించారు," అంది.

ఒక్కటి చెప్పాలి. మా బావ మాట తప్పే మనిషి కాదు. అన్నమాట ప్రకారం ఆ రోజు నుంచి దాని మీద చెయ్యి పడలేదు.

మిగతా అన్నిటి మీదా పడింది. బీరువా తలుపుకి పిడికిలంత సొట్ట పడింది. కార్ఖానాలో తోటి పనివాడు బద్దలు తప్పుగా పేర్చాడని అతని వీపు మీద ఒక బద్దే విరగ్గొట్టాడు. ఓ సాయంత్రం వీధికుక్క ఒకటి షెడ్డులోకి వచ్చి అచ్చుల మీద కాలెత్తితే, కొయ్య సుత్తి విసిరాడు. నడుం విరిగి ఆ కుక్క ముందుకాళ్ళతో పాక్కుంటూ వీధి చివరిదాకా ఏడ్చుకుంటూ పోయింది. నేను అక్కడే బద్ద చివర పట్టుకుని నిలబడి ఉన్నాను.

"మూగజీవం బావా," అన్నాను.

"మూగది కాదు, ఎంత అరుస్తోందో విను," అని నవ్వి, "బద్ద కదపకు, జిగురు ఆరిపోతుంది," అన్నాడు.

నేను షాపు మూశాక దాదాపు ప్రతి రోజూ వెళ్ళేవాణ్ణి. పడవ పని ఒంటిచేత్తో అయ్యేది కాదు. నేను బద్దని వంచి పట్టుకుంటే అతను అంచుకి జిగురు రాసి, పక్క బద్దలో ఇమిడేలా నొక్కి, పిన్నులు కొట్టేవాడు. చివర్లో బద్దలు ముక్కులా కలిసే చోట ఒక్కోదాన్ని సన్నగా చెక్కి, కన్ను దగ్గర పెట్టుకుని చూసి, మళ్ళీ చెక్కేవాడు. చిత్రిక పడుతుంటే ఉల్లిపొరలంత పల్చటి పొట్టు అతని కాళ్ళ చుట్టూ పడేది. అప్పుడు అతని చేతులు చూస్తుంటే, ఆ చేతులే మా చెల్లెలి చెవి పగలగొట్టాయంటే నమ్మబుద్ధయ్యేది కాదు. రెండు పనులూ అవే చేతులతో ఎలా చేయిస్తాడా దేవుడు అని ఇంటికి నడుస్తూ అనుకునేవాణ్ణి.

ఒకసారి అడిగాను, "ఒక్కడే పట్టే పడవ ఎందుకు బావా? ఇద్దరు కూర్చునేది చెయ్యకూడదా?"

"నీళ్ళ మధ్యలో నాతో మాట్లాడేవాడు ఉండకూడదనే కదా చేస్తోంది."

"ఇంట్లోనూ అలాగే కదా ఉంటున్నావు," అని వంటింట్లోంచి చెల్లెలు అంది.

అతని చేతిలో చిత్రిక ఆగింది. మెడ నరం ఉబ్బింది. తర్వాత మెల్లగా, "అను. ఇప్పుడు అనుకో," అన్నాడు. నా వైపు తిరిగి, "అన్నీ గుర్తుపెట్టుకుంటున్నా బావా. ఒక్కటి కూడా మర్చిపోను. పడవ దింపిన రోజు మాట్లాడుకుంటాం నేనూ అదీ," అన్నాడు.

ఆ మాట అన్న తీరులో కోపం లేదు. పెళ్ళి ముహూర్తం చెప్పినట్టు చెప్పాడు.

చలి మొదలయ్యాక పెద్దావిడ పోయింది. నిద్రలోనే పోయింది, పుణ్యాత్మురాలు. కర్మలన్నీ అయ్యాక ధైర్యం చేసి అతన్ని అడిగాను, "బావా, అమ్మ గుర్తుగానైనా ఆ ఒట్టు అలాగే ఉంచేసుకోరాదూ? ఎప్పటికీ?"

"ఎవరికిచ్చి ఉంచుకోను? పుచ్చుకున్నావిడ పోయింది కదా." కళ్ళు తుడుచుకున్నాడు. తల్లి అంటే అతనికి ప్రాణం. "ఇచ్చింది నిలబెడతా. కొత్తది ఇవ్వను."

పడవ పూర్తయ్యే రోజు దగ్గర పడుతోంది. అడుగుభాగమూ పైన మూతలా కప్పే భాగమూ విడివిడిగా తయారై, అచ్చుల మీంచి లేచి, అంచులు కలిసి ఒకటయ్యాయి. గాజు గుడ్డ నేనే కత్తిరించాను, అది నా పనే కదా. రెజిన్ కలపడం చెల్లెలికి అప్పజెప్పాడు. రెండు పాళ్ళు రెజిన్, ఒక పాలు దాన్ని గట్టిపరిచే హార్డెనర్. తూచి కలపాలి. "మందుల షాపు చెయ్యి, చుక్క తేడా రాదు," అన్నాడు. నిజంగానే రాలేదు. తెల్లటి గుడ్డ మీద రెజిన్ పారేకొద్దీ గుడ్డ మాయమై కింద చెక్క బయటపడింది, తేనె రంగు బద్ద, పక్కన ముదురు బద్ద, ఒక్క నీటిబొట్టు లోపల ఉన్నట్టు. ముగ్గురం వంగి చూశాం.

"చూడవే, ఎలా వచ్చిందో," అన్నాడు దాని వైపు తిరిగి. అంత మెత్తగా అతను దాన్ని పిలవడం నేను అంతకుముందు వినలేదు.

అది చూసింది. "చాలా బాగుంది. ఇంకెంత పని ఉంది?" అంది.

"పైన ఆఖరి పూత. అది ఆరిందంటే నీళ్ళలోకే."

ఆఖరి పూత ఆరలేదు.

తెల్లారి వెళ్ళి వేలు పెడితే వేలు అంటుకుంది. మర్నాడూ అంతే. బావ షెడ్డంతా పెద్ద బల్బులు వేలాడదీశాడు. వేడికి చెమటలు కారాయి తప్ప పూత గట్టిపడలేదు. పురుగులు, దుమ్ము, పొట్టు వచ్చి దాని మీద వాలి అక్కడే ఉండిపోయాయి. అతను బ్లేడుతో ఆ జిగురంతా గీకాడు, గీకుతూ ఒక బల్బు పగలగొట్టాడు, ఆ గాజుముక్క మీదే చెయ్యి వేసి కోసుకున్నాడు. తర్వాత రెజిన్ డబ్బా పట్టుకుని షాపుకి వెళ్ళాడు.

షాపాయన కాస్త వయసు మళ్ళినవాడు, మాటకారి. రంగులు, రెజిన్లు, జిగుర్లు అమ్ముతాడు. డబ్బా మూత తీసి వాసన చూసి, "సరుకులో లోపం లేదు బాబూ, కలపడంలో ఎక్కడో తేడా పడింది. అయినా నీ మనసు కష్టపెట్టను," అని కొత్త డబ్బా ఇచ్చి పంపాడు.

చెల్లెలు మళ్ళీ తూచి కలిపింది. అతను మళ్ళీ పూశాడు. మళ్ళీ ఆరలేదు.

ఆ మధ్యాహ్నం కుట్టిన కొత్త తువ్వాళ్ళు ఇవ్వడానికి నేను వాళ్ళింటికి వెళ్ళాను. బావ షెడ్డులో ఉన్నాడు, చప్పుడు లేదు. చెల్లెలు వంటింట్లో గిన్నెలు తోముతోంది. గట్టు మీద రెండు డబ్బాలు. రెజిన్ డబ్బా ఎత్తి చూశాను, తేలిగ్గా ఉంది. హార్డెనర్ డబ్బా బరువుగా ఉంది. ఇన్నేళ్ళు గుడ్డలు కొలిచినవాణ్ణి, ఒకటి ఎంత తరిగితే రెండోది ఎంత తరగాలో ఆమాత్రం తెలుస్తుంది. దాని వైపు చూశాను. గిన్నె తోమడం ఆపింది.

"నువ్వా?" అన్నాను గొంతు తగ్గించి.

"మెల్లగా అంటే నాకు వినపడదని తెలుసు కదా," అంది. పైటతో చేతులు తుడుచుకుని కుడి చెవి నా వైపు తిప్పింది. డబ్బాల బరువు సంగతి నేను చెప్పాక, "నేనే," అంది.

"ఎందుకు తల్లీ?"

"ఎందుకేమిటి అన్నయ్యా? అది ఆరితే నీళ్ళలోకి దింపుతాడు. దింపితే నన్ను చంపుతాడు. ఏడాదిపాటు నేను అన్న ప్రతి మాటా దాచుకున్నాడు. నువ్వు విన్నావు కదా." పైట కొంగు విదిలించి భుజాన వేసుకుంది. "హాయిగా నిద్రపోయాను ఈ ఏడాది. ఇంకొన్నాళ్ళు నిద్రపోదామనుకున్నా. తప్పా?"

తల్లి మీద పెట్టిన ఒట్టుని మోసం చేసి పొడిగించడం తప్పే అనాలి. అనలేకపోయాను. ఒట్టే అలాంటిదైనప్పుడు, అది తప్పెవరిదవుతుంది?

షెడ్డులోంచి ఒక కేక వినిపించింది. "దొంగ వెధవ! నీళ్ళు కలిపి అమ్ముతాడా!" ఆ వెంటనే మోటార్ సైకిల్ స్టార్టయిన చప్పుడు. చెల్లెలు కిటికీలోంచి చూసి, గుమ్మం వైపు కదిలింది.

"అన్నయ్యా, షాపాయన దగ్గరికే. పద. పద!"

చెప్పులు కూడా వేసుకోలేదు. ఇద్దరం వీధిలో పరుగెత్తాం.

మేం వెళ్ళేసరికి షాపు ముందు జనం. లోపల డబ్బాలు దొర్లుతున్నాయి, నేలంతా ఎర్రరంగు పారుతోంది, ఏది రంగో ఏది రక్తమో తెలియడం లేదు. బావ షాపాయన్ని కౌంటరు మీద వెనక్కి వంచి, ఒక చేత్తో మెడ పట్టుకుని, రెండో చేత్తో ఒక రెజిన్ డబ్బా అంచుతో ముఖం మీద కొడుతున్నాడు. దెబ్బ దెబ్బకీ "ఏం కలిపావు? ఏం కలిపావు?" అంటున్నాడు. ఆయన దవడ ఒక పక్కకి జారిపోయింది. ఆ నోటితో కూడా "మంచి సరుకు... మంచిది బాబూ..." అంటున్నాడు. ఆయన భార్య బావ వీపు మీద పిడికిళ్ళతో గుద్దుతోంది. అతను మోచేత్తో ఒక్క తోపు తోశాడు. ఆవిడ అలమారాకి తగిలి కింద పడింది. నేను అతని నడుం పట్టుకుని లాగాను. గోడని లాగినట్టుంది.

"ఆయనేం కలపలేదు!" అని చెల్లెలు అరిచింది. "నేను కలిపాను. సగమే కలిపాను. ఆరకూడదనే సగం కలిపాను!"

డబ్బా గాలిలో ఆగింది. అతను తిరిగి చూశాడు. షాపాయన కౌంటరు మీంచి మెల్లగా కిందికి జారాడు.

"రెండుసార్లూనా?"

"రెండుసార్లూ."

"ఎందుకు?"

"ఒట్టు అయిపోకూడదని."

నేను వాళ్ళిద్దరి మధ్యకి వచ్చి నిలబడ్డాను. అవసరం లేకపోయింది. అతని చెయ్యి లేచింది, భుజం దాకా వచ్చింది, అక్కడే బిగుసుకుంది. వేళ్ళ సందుల్లోంచి రక్తం మోచేతి దాకా కారుతోంది. చెల్లెల్ని చూస్తూ చూస్తూ ఆ చెయ్యి కిందికి దించాడు. చొక్కాకి తుడుచుకున్నాడు.

"అమ్మ మీద ఒట్టేశాను," అన్నాడు. "సరే. తీర్చేస్తా."

జనం పక్కకి తప్పుకున్నారు. అతను బండి ఎక్కి ఇంటివైపు పోయాడు.

షాపాయన కోసం ఆటో పిలుస్తుంటే నాకు అతను అన్న మాట అర్థమైంది. చెల్లెలికి నాకంటే ముందే అర్థమైనట్టుంది. "నువ్వు వెళ్ళి ఆపగలిగితే ఆపు. నేను ఈయన్ని ఎక్కించి వస్తా," అంది. ఆయన తల దాని ఒడిలో ఉంది.

షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. బావ పడవని స్టాండ్ల మీంచి దింపి ముందు భాగం చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"బావా, ఆ చివర పట్టు," అన్నాడు, రోజూ బద్ద పట్టమన్నట్టే.

"ఎక్కడికి?"

"కాలవకి. ఎక్కడికేంటి? నీళ్ళు తాకించి వస్తే ఒట్టు అయిపోతుంది. తర్వాత నా ఇంటి సంగతి నేను చూసుకుంటా."

పట్టనంటే ఒక్కడే ఈడ్చుకుపోతాడు. పట్టుకుంటే దారిలో ఏదో ఒకటి చెప్పి మనసు మార్చవచ్చు, లేకపోతే ఎక్కడో ఒకచోట కాళ్ళు బిగబట్టి ఆపవచ్చు అనుకున్నాను. పట్టుకున్నాను. ఆరని పూత నా అరచేతులకి, చొక్కాకి, గడ్డానికి అంటుకుంది.

వీధిలో నడుస్తుంటే అందరూ చూశారు. కిళ్ళీ కొట్టు అతను, "అయిపోయిందా పడవ? పార్టీ ఎప్పుడు సమ్మెటన్నా?" అన్నాడు. ఎదురుగా ఆ పేరు అనేసినందుకు నాలిక్కరుచుకున్నాడు. బావ మెడ తిప్పకుండా, "ఈ సాయంత్రమే," అన్నాడు.

నేను వెనకనుంచి మాట్లాడుతూనే ఉన్నాను. "బావా, అమ్మ అడిగింది పడవ గురించి కాదు. మా చెల్లెలి గురించి. అమ్మ మనసు నీకు తెలీదా?"

"మనసులు నాకు తెలీవు. మాట తెలుసు. మాట నిలబెట్టుకున్నా కదా? చెప్పు, ఒక్కసారైనా తప్పానా?"

"తప్పలేదు."

"మరి? నిలబెట్టుకుంది నేను. మోసం చేసింది అది. దేవుడు ఎవరి వైపుంటాడో నువ్వే చెప్పు. రోజూ దీపం పెడతావు కదా."

నిజంగా అడిగాడు. వెక్కిరింపు కాదు. నేను దేవుణ్ణి తలుచుకున్నాను. ఆయన ఏమీ చెప్పలేదు. "దెబ్బ తినేవాళ్ళ వైపు ఉంటాడు బావా," అన్నాను నా అంతట నేనే. అతను నడక వేగం పెంచాడు.

కాలవ గట్టు దగ్గర లారీలు కడుగుతున్నారు. వాలు మొదలయ్యే చోట నేను వెనక చివర నేలకి దించి దాని మీద కూర్చుండిపోయాను.

"లే బావా."

"లేవను."

అతను రెండోసారి చెప్పలేదు. పడవలో పెట్టిన తెడ్డు తీసి నా భుజం మీద కొట్టాడు. ఎముక లోపల ఏదో చిట్లింది. పడవని కౌగిలించుకుని పడుకున్నాను. రెండో దెబ్బ నోటి మీద పడింది. ముందుపన్ను నాలిక మీదికి వచ్చింది. ఉమ్మేస్తే పూతకి అంటుకుని అక్కడే ఉండిపోయింది. అతను నా జుట్టు పట్టుకుని లాగుతుంటే, గడ్డం వెంట్రుకలు జిగురుతో పాటు ఊడొస్తుంటే, నేను వదల్లేదు. అంత మొండితనం నాలో ఉందని నాకే తెలీదు. లారీ కుర్రాళ్ళు పైపు పక్కన పెట్టి చూస్తున్నారు. బావా బావా అనుకుంటున్నారు కాబట్టి ఇంటి గొడవ అనుకుని ఉంటారు.

"అన్నయ్యా, లే."

చెల్లెలు. చీరంతా రంగు, రక్తం. రొప్పుతోంది.

"లేవను తల్లీ. ఇది నీళ్ళు తాకకూడదు."

"ఎన్నాళ్ళు పడుకుంటావు దాని మీద? లే." నా చెయ్యి పట్టుకుని లేపింది. దాని చేతిలో అంత బలం ఎక్కడుందో. తర్వాత పడవ వెనక్కి వెళ్ళి, రెండు చేతులూ ఆనించి, మోకాళ్ళు వంచి ఒక్క తోపు తోసింది. పడవ గడ్డి మీద సర్రున జారి నీళ్ళలోకి దిగి, ఒకసారి మునిగినట్టు వంగి, తేలింది.

"తాకింది," అంది అతని ముందుకొచ్చి. "ఒట్టు అయిపోయింది. తలుపులేసుకుని కాదు. కొడితే ఇక్కడ కొట్టు. వీళ్ళందరూ చూడాలి."

అతను నీళ్ళవైపు చూశాడు. ఏడాది చెక్కిన పడవ మొదటిసారి తేలుతోంది, చక్కగా, ఏ పక్కకీ ఒరగకుండా. తను దింపాల్సిన పడవని చెల్లెలు దింపింది. ఆ ముఖంలో ఒక్క క్షణం నాకు చిన్నపిల్లాడి ఏడుపు కనిపించింది. మరుక్షణం కొట్టాడు.

ఏడాది దాచుకున్న దెబ్బ అది. చెల్లెలు ఎగిరి బురదలో పడింది. అతను మీదికి వంగి జుట్టు పట్టుకుని లేపి మళ్ళీ కొట్టాడు, కొడుతూ ఒక్కో మాటా గుర్తుచేస్తున్నాడు. ఏ రోజు ఏమందో అన్నీ చెబుతున్నాడు. నేను ఒంటిచేత్తో అతని కాలు పట్టుకున్నాను. అప్పుడు లారీ కుర్రాళ్ళు వచ్చిపడ్డారు. ఒకడి చేతిలో చక్రాలు విప్పే పానా ఉంది. మొదటి దెబ్బకే బావ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆ తర్వాత వాళ్ళకి ఆపడం చేతకాలేదు. కాళ్ళతో, పైపుతో, పానాతో. అతని అరుపు కుక్క అరుపులా మారింది. నోట్లో రక్తంతో "వద్దు, చచ్చిపోతాడు" అంటూ అతని మీద అడ్డంగా పడ్డాను. నా వీపు మీద కూడా రెండు పడ్డాయి.

"చాలు!" అని చెల్లెలు అరిచింది. బురదలో కూర్చునే అరిచింది. "వాణ్ణి చంపకండి. ఆ షాపాయనకి వాడు జవాబు చెప్పాలి. చస్తే ఎవరు చెబుతారు?"

అది అతన్ని 'వాడు' అనగా నేను వినడం అదే మొదటిసారి. కుర్రాళ్ళు ఆగారు. అతను నా కింద ఊపిరి పీలుస్తున్నాడు, గుర్రుమంటూ. పోలీసులు వచ్చేదాకా నేను అలాగే ఉన్నాను. ఎందుకు ఉన్నానో ఇప్పటికీ సరిగ్గా తెలీదు. పడవ ఎటు కొట్టుకుపోయిందో ఎవరూ చూడలేదు.

మర్నాడు ఉదయం చెల్లెలు ముందుగా ఆస్పత్రికే వెళదామంది. నా భుజానికి కట్టు, దాని ముఖం గుర్తుపట్టేలా లేదు. అద్దంలో చూసుకుని, "ఈ మొహంతో మందులమ్మితే జనం మా షాపుకి రారు," అంది. నవ్వబోయి పెదవి పట్టుకుంది.

షాపాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. దవడలు రెండూ తీగలతో కలిపి కట్టేశారు. ఆయన భార్య బెంచీ మీద సంచీ పక్కన కూర్చుని ఉంది.

"మీ సరుకు మంచిదేనండి," అంది చెల్లెలు గుమ్మంలోనే నిలబడి. "నేనే సగం కలిపాను. వాడు మీ మీదికి వస్తాడని అనుకోలేదు. అనుకోవాల్సింది."

ఆవిడ లేచి వచ్చి చెంప మీద కొట్టింది. వార్డులో అందరూ తిరిగి చూశారు. నేను ముందుకి కదిలాను.

"నువ్వుండు అన్నయ్యా," అంది చెల్లెలు.

ఆవిడ మళ్ళీ చెయ్యి ఎత్తింది. కానీ కొట్టడానికి చోటు వెతుక్కుంటున్నట్టు దాని ముఖం వంక చూసి, ఆ వాచిన కన్నూ, చెంప మీద నిన్నటి వేళ్ళ గుర్తులూ చూసి, చెయ్యి దించేసింది. బెంచీ దగ్గరికి వెళ్ళి సంచీ తీసి కింద పెట్టింది. "కూర్చో," అంది, ఎటో చూస్తూ.

చెల్లెలు కూర్చుంది. ఎడమ వైపు ఆవిడ ఉండేసరికి మళ్ళీ లేచి, ఇటు పక్కకి వచ్చి కూర్చుంది.

షాపాయన వేలు ఊపి దాన్ని దగ్గరికి రమ్మన్నాడు. కట్టిన పళ్ళ సందుల్లోంచి ఏదో అన్నాడు. అర్థం కాలేదు. మళ్ళీ అన్నాడు, మెల్లగా, ఒక్కో మాటా విడదీసి.

"పూర్తిగా... సగమా?"

"సగమేనండి. తూచే వేశాను."

ఆయన కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపాడు.

"సగమైతే... ఎప్పటికీ ఆరదమ్మా."